ఓర్చుకోగలిగినంత వెడల్పు

కృత్తిక కార్తె, నాలుగో పాదం

ఈ ఏడు పెద్దబండి దగ్గరికి అందరికన్నా ముందు చేరేది మా ఊరు మునకూరే. రాసిపెడుతున్నాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి.

పొద్దున లేచి సోలార్ పలకల మీది దుమ్ము తుడిచాను. మళ్లీ పడింది. మళ్లీ తుడిచాను. ఇది మామూలు దుమ్ము కాదు, ఒకప్పటి ప్రాజెక్టు అడుగున పేరుకున్న ఒండ్రు. మా ఇంటి గోడకు ఇప్పటికీ నత్తగుల్లలు అంటుకునే ఉన్నాయి. పాతకాలంలో ఈ ఊరి మీద నీళ్లు నిలిచేవట. ఇప్పుడు ఊరు తేలింది, నీళ్లు మునిగాయి.

నీళ్లు తెచ్చేది పెద్దబండి. అందులో మనిషి ఉండడు. సముద్రం వైపు నుంచి వారానికోసారి తనంతట తానే వచ్చి పాత ఆనకట్ట గేటు కింద ఆగుతుంది. ఎవరికెంత అన్నది మాత్రం ఏడాదికి ఒక్కరోజే తేలుతుంది. మృగశిర కార్తె మొదటి రోజు అయిదు ఊళ్ల బండ్లూ గీత మీద నిలబడాలి. పెద్దబండి నెత్తిన ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలగగానే దూసుకుపోవాలి. దారి తిన్నగా ఉంటుంది, వంపుల్లేవు. ముందుగా చేరి పైపు తగిలించిన ఊరికి ఏడాదంతా సగం నీళ్లు. మిగతా సగం మిగతా నాలుగు ఊళ్లకు. ఈ రూలు పెట్టినవాళ్లెవరో ఎవరికీ తెలీదు. వాళ్లు పోయారు, రూలు ఉండిపోయింది.

ముందు వచ్చినవాళ్లను పెద్దబండి ఒక ప్రశ్న అడుగుతుంది. "మార్పు ఏమైనా ఉందా?"

ఎగువగట్టు ఊరివాళ్లు ఏటా గెలుస్తారు. ఏటా "లేదు" అంటారు. అంతే, ఇంకో ఏడాది.

నాకు సగం నీళ్లు అక్కర్లేదు. నాకు ఆ ప్రశ్న కావాలి. అది అడగాలి, మా నోటితో "ఉంది" అని చెప్పాలి, అందరికీ సమానం అని చెప్పాలి. సంతలో ఉప్పు పొట్లాలు కట్టిచ్చే పాత కరపత్రాలను నేను పారేయను. విప్పి, నీళ్లు తగలకుండా దులిపి చదువుతాను. ఈ లోకంలో ఏది ఎవరి సొత్తో నాకు నేర్పింది ఆ కాగితాలే. నిన్న దొరికింది మాత్రం వేరే రకం. జనం సరదాకు బండ్ల పందేలు కట్టుకున్న రోజుల్లోది. (సరదాకట! నీళ్లు ఇంట్లోకే వచ్చేవి కాబోలు.) అందులో ఒక వాక్యం కింద గీత గీసుకున్నాను.

"వెనక టైరు, బండి ఓర్చుకోగలిగినంత వెడల్పు ఉండాలి."

మా బండికి ముందు రెండు సైకిలు చక్రాలు, వెనక ఒకటే చక్రం. దాన్ని తిప్పేవి రెండు పాత ఆటో మోటార్లు. ఆ వెనక చక్రానికి ఇన్నేళ్లూ వేస్తున్నది బక్క టైరు. అటూ ఇటూ చూస్తే మనిషి పడుకునేంత ఖాళీ ఉంది! ఇంత చోటు పెట్టుకుని ఏటా ఓడిపోతున్నాం.

రోహిణి, ఒకటో పాదం

టైర్లు ఎక్కడా దొరకవు. దొరికినవన్నీ ఎప్పుడో చెప్పులైపోయాయి. మా ఊళ్లో అందరి కాళ్లకూ టైరు చెప్పులే. అవి కుట్టేది ఎర్రిసామి మామ.

"చెప్పుల్ని మళ్లీ టైరు చేయొచ్చా మామా?" అని అడిగాను.

"చేయొచ్చు. నిన్ను మళ్లీ పసిపిల్లోన్ని చేయొచ్చా అని అడగలే, బతికించినావు" అన్నాడు. తర్వాత కత్తి పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు. చెప్పుల్ని పట్టీలుగా చీల్చి, చక్రం చుట్టూ ఒక్కో వరసగా అతికించి, రివిట్లు కొట్టి, లోపల ట్యూబు పెడితే నిలుస్తుందట. "ఎన్ని వరసలు కావాల అల్లుడా?"

"బండి ఓర్చుకోగలిగినన్ని."

"అంటే?"

చేతులు రెండూ చాపి చూపించాను. ఆయన ఈల వేశాడు. "ఊరంతా ఉత్తకాళ్లతో నడవాల."

నడుస్తారు అన్నాను. మధ్యాహ్నం బడి గోడల మధ్య ఊరివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాను. బడికి పైకప్పు లేదు, నీళ్లలో ఉన్నప్పుడే పోయింది. పట్టు అంటే ఏమిటో చెప్పాను. నేలను ఎంత ఎక్కువ తాకితే అంత పట్టు అని చెప్పాను. మన కాళ్ల కింద ఉన్నది రబ్బరు కాదు, మన పిల్లల నీళ్లు అన్నాను. చివర్లో నా చెప్పులు విప్పి విసిరేశాను. అవి పోయి మాబున్ని ఒళ్లో పడ్డాయి. మా బండి తోలేది ఆ పిల్లే. మనిషి కోడిపిల్లంత ఉంటుంది, అందుకే ఆ పని ఆమెకు దక్కింది.

"థూ, ఎన్నాళ్లైందిరా కడిగి?" అంది మాబున్ని.

అందరూ నవ్వారు. నవ్వుతూనే విప్పారు. మా నాయనమ్మ, సుంకమ్మ జేజి, అందరికన్నా ముందు విప్పింది. గోడ పట్టుకుని ఒక్కో కాలు ఎత్తి నేల మీద ఆనించి చూసుకుంది. రోహిణి ఎండ. ఒండ్రు నేల పెనంలా ఉంది.

"ఓర్చుకుంటాంలేరా" అంది.

ఆ మాటకు నా గుండె ఎంత ఉప్పొంగిందో! చెప్పులు గుట్ట పడ్డాయి.

రోహిణి, రెండో పాదం

టైరు తయారైంది. ఇంత గొప్ప టైరు నేనెక్కడా చూడలేదు. నిలబెడితే తిరగలి రాయిలా, పడుకోబెడితే అరుగులా ఉంది. ఒక్కో వరసలో ఒక్కొక్కరి పాదం ఆనవాళ్లు. ఒకచోట బొటనవేలి గుంట. ఇంకోచోట మడమ అరిగిన పల్లం. ఎర్రిసామి మామ సానరాయితో అంచులు మాత్రం సమం చేశాడు.

పరీక్షకు రెండు గూటాలు పాతాం. ఇసుక సీసా తిరగేస్తాం, బండి రెండో గూటం చేరేసరికి పై సీసాలో ఎంత ఇసుక మిగిలితే అంత వేగం అన్నట్టు. పాత బక్క టైరుతో అడుగున కొంచెం మిగిలేది.

నేను చెయ్యి ఊపాను. మోటార్లు మూలిగాయి. బండి కదిలింది. కదిలింది అని రాస్తున్నాను గానీ, అది కదలడం కాదు, నిద్రలో ఒత్తిగిలడం. రెండో గూటం చేరకముందే ఇసుక అయిపోయింది.

మాబున్ని దిగి చక్రాన్ని తట్టి నా వైపు తిరిగింది. "కంబా, ఇది పందెం బండి కాదురా, రోడ్డు రోలరు. కంకర గుండ్లు తొక్కించుకోను బాగుంటాది."

"నువ్వు సరిగ్గా తోల్లేదు."

"తోలేదానికి ఏముంది దాంట్లో? మీట నొక్కేది, దేవున్ని తలుచుకునేది. రెండూ చేసినా."

చక్రం జారలేదు కదా? దుమ్ము లేవలేదు కదా? పట్టు ఉన్నట్టే కదా? మరి ఎందుకు పరుగెత్తదు? అదే మాట పదిసార్లు అన్నట్టున్నాను. ఎర్రిసామి మామ గడ్డం గోక్కుని, ఎత్తు చాల్లేదన్నాడు. చక్రం ఎంత ఎత్తుంటే ఒక్క చుట్టుకు అంత ఎక్కువ దూరం పోతుంది కదా, ఇంకో పొర వేద్దాం అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. చంటిపిల్లల తల్లుల చెప్పులు వద్దని మొదట వదిలేశాం. ఇప్పుడు అవి కూడా అడిగి తెచ్చాను. ఎలా అడిగానో రాయను.

పై పొర వేశాక ఇంకా ఘోరం. మొదట అసలు కదలనే లేదు. వెనక నుంచి నేను తోశాను. కదిలాక, నిజమే, చివర్లో బాగానే పోయింది. కానీ అప్పటికి సీసా ఖాళీ. మోటార్ల దగ్గర కాలిన వాసన. ఒక వైరు కరిగి నల్లగా కారింది.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో జేజి కాళ్లు చాపుకుని కూర్చుంది. గోనెగుడ్డ విప్పుతోంది. అరికాళ్లు చూశాను. బొబ్బలు లేచి, పగిలి, మళ్లీ లేచాయి. ఇంత అయిందని నాకెందుకు చెప్పలేదని అరిచాను. (కోపం వచ్చింది నా మీద, అరిచింది ఆమె మీద. నాకిది ఎప్పుడూ ఉన్నదే.)

"చెప్తే ఏం చేస్తావు? ఓర్చుకుంటా అన్న్యా కదా. ఓర్చుకునేదానికీ ఒక లెక్కుంటాది. నిన్నటిదాకా ఓర్చుకున్యా. ఈరోజు కాళ్లు నా మాట ఇనలే."

నేను కరపత్రం తీసి మళ్లీ చదివాను. బండి ఓర్చుకోగలిగినంత.

నేను చదివిందేమిటి? బండికి వెనక ఎంత చోటుందో అంత అని చదివాను. చోటుంటే చాలు, ఓర్చుకున్నట్టే అనుకున్నాను. ఊళ్లో చెప్పులున్నాయి కాబట్టి ఇస్తారు, ఇచ్చారు కాబట్టి ఓర్చుకుంటారు. అదీ నా లెక్క! ఓర్చుకోవాల్సింది చట్రం కాదు, మోటారు. రెండు ఆటో మోటార్లున్న బక్క ప్రాణానికి అరుగంత టైరు తగిలించాను. అది బరువుతోనే సగం చచ్చింది, నేల పట్టుతో మిగతా సగం చచ్చింది. ఎత్తు పెంచితే ఇంకా కష్టం. పెద్ద చక్రానికి మొదటి తోపు చాలా పెద్దది కావాలి, మా దగ్గర ఉన్నదే చిన్న తోపు. ఎగువగట్టు బండిలో ఉన్నది గనుల యంత్రం మోటారు. వాళ్లకు వెడల్పు టైరు చెల్లుతుంది. వాళ్లను చూసి మేం వాతలు పెట్టుకున్నాం.

కాదు. వాత పెట్టింది నేను. పెట్టింది వీళ్ల కాళ్లకు.

రోహిణి, మూడో పాదం

పొద్దున్నే బడి గోడల మధ్య మళ్లీ అందరినీ పిలిచాను. గోనెగుడ్డలు చుట్టుకున్న కాళ్లతో వచ్చారు. నేను తప్పు చదివాను అని చెప్పాను. ఇంకా ఏవేవో మాటలు తయారుచేసుకున్నాను గానీ నోట్లోంచి అవేవీ రాలేదు.

వెనక నుంచి ఒకాయన, "అయితే మా చెప్పులు?" అన్నాడు.

"టైరులో ఉన్నాయి."

"టైరు?"

"కోయాలి."

అంతే, తిట్లు మొదలయ్యాయి. నేను వాటిని ఇక్కడ రాయడం లేదు, ఒకటి మాత్రం రాస్తాను, ఎందుకంటే బాగుంది. చంటిబిడ్డ తల్లి ఓబులక్క అంది, "నీకు చదువు రాకపోయింటే ఊరికి చెప్పులుండేవిరా."

మాబున్ని మాత్రం తిట్టలేదు. "ఒక్కసారే కోసేస్తే ఎంతవరకు కోయాల్నో ఎట్ల తెలుస్తాది? ఒక్కో వరస కోద్దాం. కోసినప్పుడల్లా పోయి చూద్దాం" అంది.

కరిగిన వైరు మార్చి అలాగే చేశాం. మొదట ఎర్రిసామి మామ పై పొర ఒలిచాడు. తన పొర తనే ఒలుచుకుంటున్నందుకు గొణుగుతూనే ఒలిచాడు. అవి చంటిపిల్లల తల్లులకు ముందు ఇచ్చాం. తోలి చూస్తే, మొదటిసారిలాగే రెండో గూటం చేరకముందే ఇసుక అయిపోయింది. తర్వాత ఈ పక్కనుంచి ఒక వరస, ఆ పక్కనుంచి ఒక వరస. కోసిన పట్టీలకు అక్కడికక్కడే వార్లు కుట్టి ఇస్తున్నాడు మామ. జనం వరస కట్టి నిలబడ్డారు. మాబున్ని తోలుతుంది, ఇసుక చూస్తాం, కోస్తాం, ఇద్దరు ముగ్గురు చెప్పులేసుకుని ఇంటికి పోతారు.

ఇంత వింత పని నా జన్మలో చూడలేదు. ఒక్కో జత కాళ్లకు చేరేకొద్దీ బండి తేలికవుతోంది. ఇసుక ఎక్కువ మిగులుతోంది. గాలి కొంచెం తగ్గించి చూశాం. టైరు బయలుదేరేటప్పుడు పక్కలు ముడతలు పడి నేలను పట్టుకుని, వదిలి, ఎగిరి దూకుతోంది. మాబున్ని కేకలు వేస్తోంది. ఊరివాళ్లు చెప్పులు చేతికొచ్చినా ఇళ్లకు పోకుండా నిలబడి చూస్తున్నారు. నాకు కాళ్లు నిలవడం లేదు. ఇంకోటి కోయండి, ఇంకోటి!

రోహిణి, నాలుగో పాదం

ఒకచోట ఆగాలి. ఎక్కడ?

జానెడు మీద నాలుగు వేళ్ల వెడల్పు దగ్గర ఇసుక అన్నిటికన్నా ఎక్కువ మిగిలింది. సీసా నడుం దాకా. మాబున్ని, "ఇదే కంబా. దీన్ని ముట్టుకోవద్దు" అంది. ఎర్రిసామి మామ కూడా కత్తి దాచేశాడు.

కానీ అప్పటికింకా కొందరు ఉత్తకాళ్లతోనే ఉన్నారు. జేజి, నేను, మాబున్ని, మామ, ఇంకో నాలుగైదు ఇళ్లవాళ్లు. వాళ్ల చెప్పులు ఆ మిగిలిన వరసల్లో ఉన్నాయి.

జేజి గోనెగుడ్డ కట్టుకుని నీళ్ల కుండ మోస్తుంటే చూశాను. అందరికీ సమానం అని పెద్దబండికి చెప్పబోయేవాణ్ణి, నా ఊళ్లో కొందరికి చెప్పులు, కొందరికి బొబ్బలా? కత్తి ఎక్కడ దాచాడో నాకు తెలుసు. తీసి ఒక వరస కోసేశాను. ఎవరినీ అడగలేదు. జేజికీ ఆ ఇళ్లవాళ్లలో ఇద్దరికీ జతలు కుట్టించాను.

మాబున్ని ఏమీ అనకుండా బండెక్కి మీట నొక్కింది. చక్రం గిర్రున తిరిగింది. బండి మాత్రం ఉన్నచోటే ఉంది. ఒండ్రు పైపొర పగిలి, చక్రం గుంట తవ్వుకుని, దుమ్ము లేచి మా అందరి నోళ్లలో పడింది. తేరుకుని కదిలేసరికి ఇసుక సగం కారిపోయింది.

ఆమె దిగొచ్చి నా ముందు నిలబడింది. "మొన్న వెడల్పని కొంప ముంచితివి. ఇప్పుడు న్యాయమని ముంచినావు. నీకు నడిమధ్య అనేది ఉండదా?"

"జేజి కాళ్లు చూశావా?"

"నా కాళ్లు చూసినావా?"

అంతవరకు నేను చూడలేదు. అప్పుడు వంగి చూశాను. అవే బొబ్బలు.

జేజి మా ఇద్దరి మధ్యకు వచ్చి, వేసుకున్న కొత్త చెప్పులు విప్పి మామ చేతికి ఇచ్చింది. "పెట్టేయప్పా. ఇంకెన్నాళ్లు, మృగశిర వచ్చేదాకే కదా."

"ఓర్చుకుంటా అని మాత్రం అనొద్దు జేజీ."

"అనన్లే. నొప్పిగుంటాది. ఉంటే ఉంటాది. నేను ఇస్తాండా, నువ్వు గుంజుకోలే. గుంజుకునేది వేరే, ఇచ్చేది వేరే."

మిగతా ఇద్దరూ విప్పి ఇచ్చారు. వరస మళ్లీ అతికింది. జానెడు మీద నాలుగు వేళ్లు.

మృగశిర, ఒకటో పాదం

ఇది ఈరోజే రాయాలి.

గీత మీద అయిదు బండ్లు నిలబడ్డాయి. మా పక్కనే ఎగువగట్టు బండి. దాని వెనక చక్రాలు చూసి మా వాళ్లు నోరు తెరిచారు. పోయినేడు ఉన్నదానికన్నా ఎంతో వెడల్పు. చట్రానికి తాకీతాకనట్టు ఉన్నాయి. తోలేవాడు విరూపాక్షి. మా టైరు వైపు చూసి, "ఊరంతా చెప్పులిచ్చినారంటిరి, ఇంతేనా? మిగిల్న చెప్పులు తిన్నారా ఏంది?" అన్నాడు.

"నీ మూతికి ఒక జత దాచిపెట్టినాంలే" అంది మాబున్ని.

పెద్దబండి వచ్చి గేటు కింద ఆగింది. ఎర్రదీపం. పచ్చదీపం!

మా బండి దూకింది. చక్రం జారలేదు, నిద్రపోలేదు. ముడతపడి, పట్టి, విసిరింది. ఎగువగట్టు బండి కొంచెం వెనక నుంచి గర్జిస్తూ అందుకోవడానికి వస్తోంది. దాని మోటారుకు చివర్లో అందుకునే సత్తా ఉంది, అది నాకు తెలుసు. అందుకే కళ్లు మూసుకోబోయాను. అంతలో ఫట్‌మని చప్పుడు. జోరు పెరిగేకొద్దీ టైరు ఉబ్బుతుంది కదా. వాళ్ల టైరు ఉబ్బి చట్రానికి రాసుకుంది. వరస ఊడి గాల్లోకి పాములా లేచింది. బండి దారి మధ్యలో అడ్డం తిరిగి కూలబడింది.

మాబున్ని పైపు తగిలించింది. పెద్దబండి గొంతు మైకులోంచి మా అందరికీ వినిపించింది.

"మొదటి పైపు అందింది. మార్పు ఏమైనా ఉందా?"

ఆ పిల్లకు నేను ఒక పేజీ నేర్పాను. చరిత్ర, హక్కు, అన్నీ ఉన్నాయి అందులో. ఆ పిల్ల ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "ఉంది. అందరికీ సమానం" అంది.

"అందరూ అంటే, పచ్చదీపం ఆరేలోపు తగిలిన పైపులు. తర్వాత వచ్చిన పైపుకు ఈ ఏడాది నీరు లేదు."

రెండో ఊరి పైపు తగిలింది. మూడో ఊరిది. నాలుగో ఊరిది. అయిదో ఊరు ఎగువగట్టు, దాని బండి దారి మధ్యలో కూలబడి ఉంది.

మా వాళ్లు ఒక్కసారిగా అరిచారు. "బాగా అయింది! ఎండి సావనీ! ఇన్నేండ్లు తాగినారు!" నేనూ అరిచాను. అబద్ధం రాయను, అందరికన్నా గట్టిగా నేనే అరిచాను. ఎగువగట్టు వైపు గట్టు మీద వాళ్ల జనం నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. ఒక ముసలామె తలమీద చేతులు పెట్టుకుని కూర్చుంది. దూరం నుంచి చూస్తే మా జేజి కూర్చున్నట్టే ఉంది.

నా నోట్లో అరుపు సగంలో ఆగిపోయింది. అందరూ అంటే తగిలిన పైపులట! ఇది కూడా ఆ పెట్టిపోయినవాళ్ల రూలే. నాలుగు ఊళ్లకు సమానం, ఒక ఊరికి చావు. దీనికోసమా చెప్పులు అడుక్కున్నాను?

పరుగెత్తాను. కాళ్లకు చెప్పుల్లేవు. నేల కాలుతోంది, తొక్కిన ప్రతిచోటా చర్మం అంటుకుపోతున్నట్టుంది. నన్ను చూసి విరూపాక్షి స్పానరు ఎత్తాడు.

"వస్తే పగలగొడతా!"

"తోయడానికి వచ్చినా, దిగరా!"

"దిగితే కొడతారు!"

"దిగకపోతే బరువురా, దిగు!"

వాడు దిగలేదు. నేను ఒక్కణ్ణే తోశాను. కదల్లేదు. అంత పెద్ద బండి నన్ను చూసి నవ్వుతున్నట్టుంది. అప్పుడు నా పక్కన ఒక చెయ్యి ఆనింది. ఎర్రిసామి మామ. ఆయన పక్కన ఓబులక్క, బిడ్డ చంకలోనే ఉంది. వెనక్కి చూస్తే మా వాళ్లు వస్తున్నారు. తిడుతూనే వస్తున్నారు. చెప్పులున్నవాళ్లూ, లేనివాళ్లూ. ఇటునుంచి ఎగువగట్టువాళ్లూ దిగి వచ్చారు. విరూపాక్షి ఏమనుకున్నాడో, స్పానరు పారేసి దిగి భుజం ఆనించాడు.

గేటు దగ్గర మాబున్ని గొంతు వినిపిస్తోంది. అడిగినదానికి బదులు చెప్పేదాకా పెద్దబండి దీపం ఆర్పదని ఆ పిల్ల ఎలా కనిపెట్టిందో గానీ, ఆపకుండా అడుగుతూనే ఉంది. "సమానం అంటే ఏంది? మళ్లొకసారి చెప్పు. చుక్క ఎక్కువైతే ఏం చేస్తావు? చుక్కను ఎట్ల కోస్తావు? నీకు పెండ్లయిందా?"

"ఆ సమాచారం లేదు" అంది పెద్దబండి.

అయిదో పైపు తగిలింది.

"మార్పు నమోదైంది."

దీపం ఆరింది.

మృగశిర, రెండో పాదం

మొదటి వారం నీళ్లు వచ్చాయి. అయిదు సమానమైన వాటాలు. నిరుటికన్నా మాకు ఎక్కువే, గెలిచిన ఊరికి రావాల్సిన సగం కన్నా చాలా తక్కువ. "గెలిచినా కుండ నిండలే" అని ఓబులక్క రోజూ నాకు వినపడేలా అంటోంది. అననీ.

టైరు కోయాలి. జేజి ఇచ్చింది మృగశిర దాకే. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. వచ్చే మృగశిరకు పెద్దబండి మళ్లీ వస్తుంది. మళ్లీ అడుగుతుంది. "లేదు" అంటే ఈ సమానమే సాగుతుంది. మేం ముందు చేరకపోతే, ఎవడో చేరి "ఉంది, సగం నాకే" అంటే? టైరు ఉంచుకుంటే జేజికి చెప్పుల్లేవు. కోస్తే వచ్చే ఏటికి రక్షణ లేదు. తిరుగుతున్నాను, కూర్చుంటున్నాను, లేస్తున్నాను. మామ కత్తి పట్టుకుని నా మొహం చూస్తున్నాడు.

ఆ సమయంలో విరూపాక్షి వచ్చాడు. ఊడిన టైరు వరస మెడలో వేసుకుని, ఎండలో నడిచి.

"మా రబ్బరు ఇది. ఎర్రిసామన్న చెప్పులు కుట్టిస్తాడా అని వచ్చినా. తోసినోళ్లలో చెప్పుల్లేనోళ్లను చూసినా" అన్నాడు. మొహం పక్కకు తిప్పుకునే అన్నాడు. మామ ఆ పట్టీ అందుకుని, వంచి చూసి, జేజిని పిలిచి కాలు కొలత తీసుకున్నాడు.

విరూపాక్షి పోలేదు. మా టైరు దగ్గర గొంతుకూర్చున్నాడు. "మీరు ఊరి చెప్పులన్నీ ఏస్తాండారని తెలిసి మేం ఇంకో రెండు వరసలు ఏస్తిమి. నీ ఉపన్యాసమే మమ్మల్ని ముంచింది" అన్నాడు. తర్వాత, "ఇది ఎంత వెడల్పు? బండిని బట్టి లెక్క ఎట్ల కట్టినారు?" అన్నాడు.

మాబున్ని నా కాలు తొక్కింది. చెప్పొద్దని. బొబ్బ మీదే తొక్కింది.

నేను వాడి కళ్లలోకి చూశాను. "చెప్తే వచ్చే ఏడు నువ్వే ముందు చేరతావు."

"చేరతా."

"అది అడుగుతుంది. మార్పు ఏమైనా ఉందా అని."

"అడుగుతాది."

"ఏమంటావు?"

విరూపాక్షి చాలాసేపు ఆ టైరు మీద అరిగిన ఒక మడమ గుర్తును బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. అది ఎవరిదో నాకూ తెలీదు.

"మా ఊరోళ్ల నోటికి ఒక్క మాటే అలవాటు" అన్నాడు. "లేదు అనేదే."

మాబున్ని నా కాలు మీంచి కాలు తీసింది.

నేను జాన చాపి, దాని పక్కన నాలుగు వేళ్లు పెట్టి చూపించాను.